పట్టికలో ఒక్క గడి చాలు

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఏ దేశంలో ఎంతమంది పోయారో పట్టిక వేసి, దాని కింద కన్నీళ్లు, రక్తపుటేరులు, మానవత్వం అంటూ మూడు పేజీలు రాశావు. ఆ మూడు పేజీలూ తీసెయ్. పట్టిక ఉంచు. అసలు సంగతంతా అందులోనే ఉంది. నువ్వు దాన్ని ఎక్కించావు గానీ చదవలేదు.

సోవియట్ యూనియన్ ఎదురుగా 2.7 కోట్లు అని వేశావు. సరే. కానీ 1946లో స్టాలిన్ చెప్పిన లెక్క 70 లక్షలు. క్రుశ్చేవ్ నోట అది 2 కోట్లయింది. గోర్బచేవ్ కాలంలో, 1990లో గానీ 2.7 కోట్ల దాకా రాలేదు. ఇంతమందిని పోగొట్టుకుని గెలిచానని చెప్పుకోవడం ఏ నాయకుడికి ఇష్టం? అంకె కనబడగానే ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు అని అడగడం నేర్చుకో.

అమెరికాకీ పోలండ్‌కీ కలిపి ఒకే పేరా రాశావు, అది కుదరదు. 13 కోట్ల జనంలో అమెరికా పోగొట్టుకున్నది సుమారు 4 లక్షలు, దాదాపు అందరూ సైనికులే. పోలండ్ జనాభా 3.5 కోట్లు, పోయినవాళ్లు దాదాపు 60 లక్షలు. అందులో సైనికులు కొద్దిమందే. సగం మంది యూదులు, యూదులైనందుకే చంపబడ్డారు. ఒకచోట ఇంటికి టెలిగ్రామ్ వచ్చింది. రెండోచోట టెలిగ్రామ్ అందుకోవడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

శత్రుదేశం కదా అని జపాన్ మీద తొందరగా జారిపోయావు. హిరోషిమా బాంబుకి చచ్చిపోయినవాళ్లలో వేలమంది కొరియన్లున్నారు. వాళ్ల దేశం అప్పుడు జపాన్ ఏలుబడిలో ఉంది. వాళ్లని ఏ గడిలో వేస్తావు?

ఇక మన గడి. 87 వేలని రాశావు. అది సైనికుల లెక్క. 1943లో బెంగాల్లో కరువుకీ దాని వెంట వచ్చిన జబ్బులకీ పోయిన 20, 30 లక్షల మంది సంగతి? జపాన్ బర్మాని పట్టుకోవడంతో అక్కణ్నుంచి బియ్యం ఆగిపోయాయి. శత్రువు చేతికి చిక్కకూడదని బ్రిటిష్ ప్రభుత్వం తీరప్రాంతంలో పడవల్నీ బియ్యం నిల్వల్నీ లాగేసుకుంది. ధర పెరిగింది, కూలివాళ్లూ జాలర్లూ ముందుగా పోయారు. వీళ్లని యుద్ధమృతుల్లో కలుపుతావో లేదో నీ ఇష్టం. ఎందుకన్నది మాత్రం ఒక వాక్యంలో చెప్పాల్సిందే.

యుద్ధం అనగానే మనవాళ్లు 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద పడ్డ బాంబుల గురించి చెబుతారు. నువ్వూ అక్కడితో ఆగావు. నేనైతే నిన్ను కాంచనబురి వెళ్లమంటాను, కనీసం పుస్తకాల్లోనైనా. థాయిలాండ్ నుంచి బర్మాకి జపాన్ సైన్యం వేయించిన 415 కిలోమీటర్ల రైలు మార్గం మీద ఊరది. అక్కడి శ్మశానంలో దాదాపు 7 వేల సమాధులున్నాయి, చాలావాటి మీద పేరు, దళం, వయసు. దాదాపు అందరూ యుద్ధఖైదీలే: బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్చివాళ్లు. ఆ లైను మీద మొత్తం 12 వేలమందికి పైగా ఖైదీలు పోయారు. అదే లైను మీద పోయిన ఆసియా కూలీలు దాదాపు 90 వేలని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లినవాళ్లలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లకి అలాంటి పేర్ల పలకలు లేవు.

ఎందుకు లేవో చూడు, నీ వ్యాసం అక్కడుంది. ఖైదీల వెంట వాళ్ల అధికారులూ డాక్టర్లూ ఉన్నారు. మందులు లేకపోయినా, నీళ్లు కాచి తాగించేవాళ్లున్నారు, చనిపోయినవాడి పేరు రాసిపెట్టేవాళ్లున్నారు. కూలీల్లో కొందరు మంచి కూలి ఇస్తామంటే నమ్మి వెళ్లారు, కొందర్ని బలవంతాన పట్టుకెళ్లారు. 1943 వానల్లో కలరా వచ్చినప్పుడు వాళ్ల క్యాంపుల్లో అలా నీళ్లు కాచి తాగించేవాళ్లు దాదాపు లేరు, పేర్లు రాసుకునేవాళ్లూ అంతే.

ఒక్క మాట. ఆ కూలీ నోట్లో చివరి మాటలు పెట్టకు. పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. తిండి ఎంత పెట్టారు, ఎన్ని గంటలు పని చేయించారు, రోగం ఎలా పాకింది, ఇవి దొరుకుతాయి. దొరికినవే రాయి.

మిగతా దేశాలన్నీ వదిలెయ్, ఈ ఒక్క గడి చాలు. నాలుగు పేజీలు మించకుండా మళ్లీ రాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్లద్దాలు మార్చాల్సిన టైం దాటిపోయింది.

ఆశీస్సులతో,
నీ మాస్టారు