పొట్ట మొత్తం తీసేస్తే నాన్న మళ్ళీ అన్నం తినగలరా?

ప్రశ్న: మాది తూర్పుగోదావరి జిల్లా. నాన్నకి 57 ఏళ్ళు, లారీ నడిపేవారు, చుట్ట అలవాటు ఉంది. మూడు నెలలుగా ముద్ద మింగితే గుండెల దగ్గర ఆగిపోతోంది అనేవారు, గ్యాస్ అనుకుని బిళ్ళలు వేసుకున్నారు. 68 కిలోల మనిషి 57కి వచ్చేశారు. ఎండోస్కోపీలో అన్నవాహిక పొట్టలో కలిసే చోట మొదలై పొట్ట పైభాగం దాకా పుండు ఉందన్నారు, బయాప్సీలో అడినోకార్సినోమా అనే క్యాన్సర్ అని వచ్చింది. సీటీ స్కాన్‌లో పక్కన గ్రంథులు వాచాయి, లివర్, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయట. ఒక హాస్పిటల్‌లో వెంటనే ఆపరేషన్ చేసి పొట్ట మొత్తం తీసేయాలన్నారు, ఇంకోచోట ముందు 4 కీమోలు ఇచ్చి తర్వాత ఆపరేషన్ అన్నారు. కత్తి పెడితే ఒళ్ళంతా పాకిపోద్ది, చేయించొద్దు అని మా పెదనాన్న అంటున్నారు. ఏం చేయమంటారు? పొట్ట లేకుండా మనిషి బతుకుతాడా?

జవాబు: అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. లివర్, ఊపిరితిత్తులు బాగున్నాయి అంటే మీ నాన్నగారికి జబ్బు పూర్తిగా నయం చేయాలనే ఉద్దేశంతోనే వైద్యం మొదలుపెట్టొచ్చు. ఇది చిన్న విషయం కాదు, ఈ క్యాన్సర్‌తో మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అది లివర్‌కో పేగుల మీద కప్పి ఉండే పొరకో పాకాక వస్తారు, అందరూ మొదట గ్యాస్ అనే అనుకుంటారు కదా.

రెండు హాస్పిటళ్ళు చెప్పినదాంట్లో నేను ముందు కీమో అన్నవాళ్ళ వైపే ఉంటాను. గ్రంథులు వాచాయి అంటే కంటికి, స్కాన్‌కి కనపడని కణాలు అప్పటికే రక్తంలో తిరుగుతూ ఉండొచ్చు, వాటిని కత్తితో తీయలేం, మందు మాత్రమే వెళ్ళగలదు అక్కడికి. పైగా పొట్ట ఆపరేషన్ అయ్యాక మనిషి నీరసపడిపోతాడు, అప్పుడు కీమో ఇద్దామంటే చాలామంది తట్టుకోలేరు, అందుకే ఒంట్లో కొంచెం బలం ఉన్నప్పుడే సగం మందు లోపలికి పంపించేయాలి. 2006లో ఇంగ్లండ్ వాళ్ళు మ్యాజిక్ అనే ట్రయల్ ఫలితాలు ఇచ్చారు, ఆపరేషన్ ఒక్కటే చేసినవాళ్ళలో 5 ఏళ్ళ తర్వాత బతికున్నది 100కి 23 మంది, ముందూ వెనకా కీమో ఇచ్చినవాళ్ళలో 36 మంది. తర్వాత 2019లో జర్మనీ నుంచి ఫ్లాట్ అనే నాలుగు మందుల కీమో ఫలితాలు వచ్చాయి, 716 మంది మీద చేశారు, పాత కీమోతో సగం మంది 35 నెలలు దాటితే దీంతో 50 నెలలు దాటారు. మీకు చెప్పిన 4 కీమోలు బహుశా ఇదే, రెండు వారాలకి ఒకటి చొప్పున ఆపరేషన్‌కి ముందు 4, తర్వాత 4. అదే ట్రయల్‌లో కూడా మొత్తం 8 పూర్తి చేయగలిగినవాళ్ళు సగం మంది కూడా లేరు, ఆగిపోయింది ఎక్కువగా ఆపరేషన్ తర్వాత ఇవ్వాల్సినవే.

మీ పెదనాన్నగారి భయం ఊరికే పుట్టింది కాదు. వెనకటి రోజుల్లో సీటీ స్కాన్లు లేవు, పొట్ట కోసి చూస్తే అప్పటికే అంతా పాకేసి ఉండేది, చేసేదేం లేక మళ్ళీ కుట్టేసి పంపేవాళ్ళు, రెండు మూడు నెలల్లో మనిషి పోయేవాడు, ఊళ్ళో అందరూ కత్తి పెట్టాకే పాకింది అనుకునేవాళ్ళు. కత్తి వల్లా గాలి తగలడం వల్లా క్యాన్సర్ పాకదు, ఈ మాట ఆయనతో నా పేరు చెప్పి మరీ చెప్పండి. ఇప్పుడు అలా కోసి మూసేసే పరిస్థితి రాకుండా కీమోకి ముందే పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో లోపల చూస్తాం, దాన్ని స్టేజింగ్ లాప్రోస్కోపీ అంటారు, పేగుల మీద కప్పి ఉండే ఆ పొర మీద ఆవగింజంత క్యాన్సర్ గింజలు ఉంటే సీటీలో కనపడవు, కెమెరాలో కనపడతాయి. మీ నాన్నగారికి అది చేశారో లేదో మీరు రాయలేదు, తప్పకుండా అడగండి. అలాగే బయాప్సీ ముక్క మీద హెర్2, ఎంఎస్ఐ అనే టెస్టులు చేయించమనండి, ఎంఎస్ఐ పాజిటివ్ వస్తే మందుల ప్లానే మారిపోవచ్చు.

ఇంక ఆపరేషన్. పుండు జాయింట్ నుంచి పొట్ట పైభాగం దాకా ఉంది కాబట్టి పొట్ట మొత్తం, దాంతోపాటు అన్నవాహిక చివర కొంచెం తీస్తారు, చుట్టూ రక్తనాళాల వెంట ఉన్న గ్రంథులన్నీ కూడా తీసి పరీక్షకి పంపుతారు, కనీసం 16 గ్రంథులన్నా చూడాలి అని లెక్క. తర్వాత చిన్నపేగుని పైకి లాగి అన్నవాహికకి కుట్టేస్తారు, అన్నం నేరుగా పేగులోకి వెళ్తుంది. ఒకవేళ కీమో తర్వాత చూస్తే పుండు ఎక్కువ భాగం అన్నవాహికలోనే ఉంది అనిపిస్తే పద్ధతి వేరే, అప్పుడు అన్నవాహిక కింది భాగం, పొట్ట పైభాగం తీసి మిగిలిన పొట్టని గొట్టంలా చేసి ఛాతీలోకి లాగి కలుపుతారు. మీ బంధువుల్లో ఎవరికో కీమోతోపాటు కరెంటు (రేడియేషన్) పెట్టారు మరి మాకెందుకు పెట్టట్లేదు అని మీకు డౌట్ రావచ్చు, అన్నవాహికలో వచ్చే స్క్వామస్ రకానికి, మన దగ్గర గుట్కా, చుట్ట, మందు అలవాటున్నవాళ్ళలో ఎక్కువ చూసేది అదే, దానికి రేడియేషన్ బాగా పనిచేస్తుంది. మీ నాన్నగారిది అడినో రకం, దీనికి ఆపరేషన్‌కి ముందూ తర్వాతా ఫ్లాట్ ఇవ్వడమే మేలని ఈమధ్య ఈసోపెక్ ట్రయల్‌లో తేలింది, సగం మంది ఆ కీమోతో 66 నెలలు, రేడియేషన్ కలిపిన పద్ధతిలో 37 నెలలు దాటారు.

పొట్ట లేకుండా మనిషి బతుకుతాడా అని అడిగారు. బతుకుతాడమ్మా. 1897లోనే జ్యూరిచ్‌లో ష్లాటర్ అనే సర్జన్ ఒకామెకి పొట్ట మొత్తం తీశాడు, యాంటీబయాటిక్స్ కూడా లేని ఆ రోజుల్లో ఆమె ఏడాదికి పైగా బతికింది. నా దగ్గర ఆపరేషన్ అయిన ఒక తాపీమేస్త్రీ ఉన్నాడు, ఆరేళ్ళయింది, ఇప్పటికీ పనికెళ్తాడు. మొదటి నెల వచ్చినప్పుడు డాక్టర్ గారూ అసలు ఆకలే వేయట్లేదండీ అని బెంగగా చెప్పాడు, ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది పొట్టలోనే, అది తీసేశాక ఆకలి కోసం ఎదురు చూస్తే రాదు, గడియారం చూసి తినాలి. వాళ్ళావిడ ఫోన్‌లో రెండు గంటలకోసారి అలారం పెట్టింది, అలారం మోగితే సగం ఇడ్లీ, పావుగంట నమిలి మింగడం, మళ్ళీ అలారం మోగితే ఒక ఉడకబెట్టిన గుడ్డు, మళ్ళీ మోగితే నాలుగు ముద్దల పెరుగన్నం. నీళ్ళు అన్నంతోపాటు కాదు, అరగంట ముందో అరగంట తర్వాతో. తిన్నాక రెండు గంటలు పడుకోకూడదు, పడుకునేటప్పుడు కూడా తలవైపు ఎత్తు ఉండాలి, లేకపోతే పసరు గొంతులోకి వస్తుంది. ఇలా ఆరు నెలలు చేశాక చిన్నగా ప్లేటు పెరిగింది, ఇప్పుడు రోజుకి ఆరుసార్లు తింటాడు, వేట మాంసం కూడా మెత్తగా ఉడికిస్తే తింటాడు.

ఆయనే ఒకసారి బంధువుల గృహప్రవేశంలో గ్లాసుడు పరమాన్నం గటగటా తాగేశాడు, 20 నిమిషాలకి ఒళ్ళంతా చెమటలు, గుండె దడ, కళ్ళు తిరగడం, గుండెపోటు అనుకుని కాజువాల్టీకి పరిగెత్తుకొచ్చారు, ఈసీజీ చూస్తే నార్మల్. దాన్ని డంపింగ్ అంటారు, తీపి ఒక్కసారిగా పేగులోకి దిగిపోతే అలా అవుతుంది, పొట్ట ఉన్నప్పుడు అది కొంచెం కొంచెంగా వదిలేది. కాబట్టి బెల్లం పాయసాలు, కూల్‌డ్రింకులు, జ్యూసులు గ్లాసులు గ్లాసులు వద్దు. ఇంకోటి, బి12 ఇంజక్షన్ జీవితాంతం వేయించాలి, పొట్ట లేకపోతే ఆ విటమిన్ ఒంటికి పట్టదు, లివర్‌లో నిలవ ఉంటుంది కాబట్టి రెండేళ్ళ దాకా ఏమీ తెలియదు, బాగానే ఉన్నాంలే అని మానేస్తారు, తర్వాత కాళ్ళు తిమ్మిర్లు, రక్తం తగ్గిపోవడం మొదలవుతుంది. ఇలా వచ్చినవాళ్ళని చూసి నాకు చాలా బాధ వేస్తుంది, క్యాన్సర్ పోయినా చిన్న ఇంజక్షన్ మర్చిపోయి మంచం పట్టడం ఏమిటి.

రిస్క్ లేదని మాత్రం చెప్పను. ఇది పెద్ద ఆపరేషన్, అన్నిటికంటే మేం భయపడేది అన్నవాహికకీ పేగుకీ వేసిన కుట్టు లీక్ అవడం, మొదటి వారం పది రోజులు అందుకే అంత జాగ్రత్తగా చూస్తాం. దీన్లో హాస్పిటల్ ఎంపిక చాలా ముఖ్యం, ఇలాంటివి ఎప్పుడూ చేసే చోటికి, ఎప్పుడో ఒకటి చేసే చోటికి ప్రాణాల్లో తేడా ఉంటుంది. అమెరికాలో 2002లో లెక్క తీస్తే అన్నవాహిక ఆపరేషన్లు చాలా అరుదుగా చేసే హాస్పిటళ్ళలో 100కి 20 మంది, బాగా ఎక్కువ చేసే చోట 8 మంది చనిపోయారు, ఇప్పుడు మంచి సెంటర్లలో అంతకంటే బాగా తక్కువ. కాబట్టి ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారండీ అని సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు, నన్ను అడిగితే నేను సంతోషంగా చెప్తాను. మీకు దగ్గర్లో విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, రిపోర్టులు తీసుకెళ్ళి అక్కడ రెండో అభిప్రాయం తీసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఏ హాస్పిటల్‌లో అయినా ముందు ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర అడిగి, ఆ తర్వాతే డబ్బు కట్టండి, తెలియక పొలాలు తాకట్టు పెట్టినవాళ్ళని చూశాను.

కీమో జరిగే ఈ రెండు మూడు నెలలు ఊరికే ఎదురుచూసే టైమ్ అనుకోకండి, మీ చేతుల్లో ఉన్న వైద్యం ఇదే. 11 కిలోలు తగ్గారు, ఇంకా తగ్గితే కుట్లు మానవు. ముద్ద దిగకపోతే గుడ్డు, పాలు, పెసరపప్పు, వేరుశనగ ఏదైనా మిక్సీలో జావలా చేసి ఇవ్వండి, అదీ దిగకపోతే పేగులోకి చిన్న పైపు వేసి దాంట్లోంచి తిండి పంపొచ్చు, లాప్రోస్కోపీ చేసేటప్పుడే వేయించుకోవచ్చు, దానికి భయపడొద్దు. చుట్ట ఇవాళే మానాలి, ఊపిరితిత్తులు శుభ్రపడటానికి నెలన్నా పడుతుంది. మూడు బంతులు పైకి లేచే ఊదుడు బుడ్డి మెడికల్ షాపులో దొరుకుతుంది, దాంతో గాలిని నెమ్మదిగా, లోతుగా లోపలికి పీల్చాలి, గంటకి పదిసార్లు, పొద్దునా సాయంత్రం అరగంట నడక. కీమో మధ్యలో జ్వరం 100.4 దాటితే డోలో వేసి పడుకోబెట్టొద్దు, అర్ధరాత్రి అయినా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి, తెల్లకణాలు పడిపోయి ఉంటాయి. ఇంట్లో బరువు చూసే మిషన్ లేకపోతే ఒకటి కొనండి, రేపు పొద్దున పరగడుపున బరువు చూసి ఒక నోట్‌బుక్‌లో తారీఖు వేసి రాయండి, వారానికి ఒకసారి చాలు, ప్రతి కీమోకి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం డాక్టర్ ముందు పెట్టండి.