పాత బుల్లెట్ 350 ఇంజన్: బోరింగ్‌కి ఇచ్చే ముందు ఏమేం కొలవాలి?

ప్రశ్న: 1970ల నాటి కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 చాలా ఏళ్లుగా షెడ్డులోనే ఉంది. ఇంజన్ తిరుగుతోంది గానీ కంప్రెషన్ తక్కువ. బోరింగ్ చేయించి పిస్టన్ కిట్ వేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. నిజంగా అంతేనా? ఏవి అరిగాయో, ఎంత అరిగాయో ఎలా తెలుస్తుంది?

జవాబు:

బోరింగ్, అంటే అరిగిన సిలిండర్ లోపలి రంధ్రాన్ని (బోరుని) పెద్ద సైజుకి కోయించడం, అవసరం పడొచ్చు. కానీ కొలవకముందే ఆ మాట ఎవరన్నా నమ్మకండి. పైగా ఈ ఇంజన్లో ముందు చూడాల్సింది బోరు కాదు, బిగ్ ఎండ్, అంటే కనెక్టింగ్ రాడ్డు కింది చివర క్రాంక్ మీద తిరిగే బుష్షు ఉన్న చోటు. ఇన్నాళ్లూ అరిగిన రింగుల పక్కనుంచి సగం గ్యాస్ జారిపోయేది. కొత్త పిస్టన్ పడ్డాక ఆ ఒత్తిడంతా రాడ్డు మీదుగా కిందికి దిగుతుంది. కింద బుష్షు అరిగి ఉంటే త్వరలోనే కొట్టుకోవడం మొదలవుతుంది, మళ్లీ ఇంజన్ దించాలి. బోరింగ్ డబ్బులు రెండోసారి కట్టేవాళ్లలో ఎక్కువమంది ఇలా కట్టేవాళ్లే.

ఏళ్ల తరబడి ఆగిన బండిని ముందు కిక్ కొట్టకండి. ప్లగ్గు తీసి రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి ఒక రోజు వదిలేయండి. తర్వాత టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. తుప్పు పట్టిన బోరులో రింగు ఇరుక్కుని ఉంటే ఒక్క కిక్కుకే విరుగుతుంది.

కంప్రెషన్ తక్కువన్నారు కదా, విప్పకముందే దానికి మూడు కారణాలు తేల్చుకోవచ్చు. మొదటిది డీకంప్రెసర్, కిక్ తేలిక కావడానికి సిలిండర్ ఒత్తిడిని వదిలే చిన్న వాల్వు. కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా, ఆ చిన్న వాల్వు సీటు మీద మసి పేరుకున్నా అక్కడినుంచే లీకవుతుంది. రెండోది ట్యాపెట్, క్యామ్ కదలికని పుష్ రాడ్ ద్వారా వాల్వుకి అందించే భాగం. 350కి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గ్యాప్ సున్నా: పుష్ రాడ్ వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. తిరగకుండా బిగుసుకుని ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. మూడోది రింగులూ బోరూ, లేదా వాల్వులు: ముందటి రెండూ సరిచేశాక గేజ్ పెట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొలవండి. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే లోపం రింగులూ బోరులో ఉంది. కదలకపోతే వాల్వుల్లో ఉంది. అంకె ఎంత అనేదాన్ని పెద్దగా పట్టించుకోవద్దు, గేజ్ గేజ్‌కీ మారుతుంది. రెండు కొలతల మధ్య తేడానే చూడండి.

ఇంట్లో కంప్రెసర్ ఉంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పిస్టన్‌ని కంప్రెషన్ టీడీసీలో (రెండు వాల్వులూ మూసుకుని, పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన స్థితి) పెట్టి, గేర్‌లో వేసి, వెనక బ్రేకు గట్టిగా పట్టుకుని ప్లగ్గు రంధ్రంలోంచి గాలి వదలండి. కార్బురేటర్ దగ్గర బుస వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్ లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, క్రాంక్ కేస్ బ్రీదర్ దగ్గరైతే రింగులు.

పొగ చూసి మోసపోవడం బుల్లెట్‌లో చాలా మామూలు. దీని ఆయిల్ ట్యాంకు క్రాంక్ కేసులోనే ఒక గది. బండి వారాల తరబడి నిలబడితే ఆయిల్ పంపు గుండా మెల్లగా ఫ్లైవీల్ గదిలోకి దిగుతుంది. స్టార్ట్ చేయగానే ఒకటి రెండు నిమిషాలు తెల్లటి మేఘం. అది రింగుల అరుగుదల కాదు, పంపులో లీకు. ఐడ్లింగ్‌లో కాసేపు ఆగి థ్రాటిల్ తిప్పినప్పుడు గుప్పుమని నీలం పొగ వస్తే వాల్వు గైడు. లోడ్ మీద గట్టు ఎక్కుతుంటే ఆగకుండా వస్తే రింగులు.

ఆయిల్ తీసేటప్పుడు తెల్ల ప్లాస్టిక్ డబ్బాలోకి తీయండి, పాత ఫెల్ట్ ఫిల్టర్‌ని విప్పి చూడండి. అయస్కాంతానికి అంటుకునే రజను ఉక్కుది, అంటే బేరింగ్, గేర్ లేదా క్యామ్. అంటుకోని పసుపు రంగు రజను కంచు బుష్షులది. వెండిలా మెరిసే మెత్తటి పొరలు అంటుకోకపోతే పిస్టన్ అల్యూమినియం కావచ్చు, బిగ్ ఎండ్ బుష్షు మీది వైట్ మెటల్ (మెత్తటి బేరింగ్ లోహం పూత) కావచ్చు. ఇక్కడే ముఖం చిట్లించాలి.

ఇక విప్పడం. ఇది ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్‌లో గీసిన ఇంజన్, చాలా కొలతలు అంగుళాల్లో, చాలా నట్లు బ్రిటిష్ సైజులవి. మెట్రిక్ పానాలు పెట్టి మూలలు గుండ్రం చేయకండి. టైమింగ్ సైడ్‌లో ఆయిల్ పంపుని తిప్పే వర్మ్ నట్టుకి ఎడమ మర. మామూలుగా తిప్పితే ఇంకా బిగుస్తుంది, బలం పెడితే షాఫ్టు మర పోతుంది.

బ్యారెల్ తీయగానే క్రాంక్ కేసు నోరు గుడ్డతో మూసి, పిస్టన్ కడగకముందే దాన్ని చదవండి. రింగుల కింద గోధుమరంగు మరకలుంటే గ్యాస్ కిందికి జారుతోంది. స్కర్టు (పిస్టన్ కింది భాగం) మీద రుద్దుడు ముందు వెనకల సమంగా ఉంటే మంచిదే, ఒక పక్క పైన, రెండో పక్క కింద అడ్డంగా ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగింది. గజన్ పిన్ (పిస్టన్‌ని రాడ్డుకి కలిపే పిన్ను) కూర్చునే బాస్‌ల పక్కన నాలుగు చోట్ల గీతలుంటే ఎప్పుడో సీజ్ అయింది, అంటే వేడికి బోరులో పట్టేసింది. రింగు ముఖం మెరవకుండా బూడిదరంగులో, స్కర్టు మీద సన్నటి నిలువు గీతలతో ఉంటే ఎయిర్ ఫిల్టర్ లేకుండా నడిపారు. ఈ కారణం పట్టుకోకపోతే కొత్త పిస్టన్ కూడా అదే దారి పడుతుంది.

పిన్ బయటికి రాకపోతే సుత్తితో కొట్టకండి, రాడ్డు వంగుతుంది. మరిగే నీళ్లలో ముంచిన గుడ్డ పిస్టన్ చుట్టూ చుడితే అల్యూమినియం సాగి పిన్ను జారుతుంది.

ఇప్పుడు బిగ్ ఎండ్. ఈ ఇంజన్లో రోలర్లు ఉండవు, ఫ్లోటింగ్ బుష్షు ఉంటుంది: క్రాంక్ పిన్‌కీ రాడ్డుకీ మధ్య రెండు వైపులా ఆయిల్ పొర మీద తేలుతూ తిరిగే గొట్టం. ఆయిల్ అందినంతకాలం నిశ్శబ్దంగా ఏళ్లు నడుస్తుంది. అందకపోతే రోలర్ కంటే త్వరగా పాడవుతుంది. పైగా బండి తేమలో నిలబడినప్పుడు పాత ఆయిల్లోని ఆమ్లం, నీరు వైట్ మెటల్‌ని కొరుకుతాయి. కాబట్టి తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండి అన్నది ఇక్కడ భరోసా కాదు.

పరీక్ష ఇలా: క్రాంక్‌ని టీడీసీలో పెట్టి, కిరసనాయిలు చల్లి ఆయిల్ పొర కడిగేయండి. చిక్కటి ఆయిల్ చాలా ఆటను దాచేస్తుంది. రాడ్డుని రెండు చేతులతో పట్టుకుని నిలువుగా పైకి లాగి కిందికి నొక్కండి. టీడీసీలో ఒకసారి, బీడీసీలో (పిస్టన్ పూర్తిగా కిందికి దిగే స్థితి) ఒకసారి. చాలామంది రాడ్డు చివరను పక్కలకి ఊపి అంతా పోయిందని భయపడతారు. ఆ పక్క ఊపు ఉండాల్సిందే, దాన్ని లెక్కపెట్టకండి. నిలువు కదలికే అసలు విషయం. కడిగాక వేలికి అందీ అందనంత కదలిక ఫ్లోటింగ్ బుష్షుకి సహజం, ఎందుకంటే క్లియరెన్సులు రెండు. టక్ మని చప్పుడుతో తగిలితే మాత్రం కేసు చీల్చాలి. అప్పుడు బుష్షొక్కటే మార్చి ఊరుకోకండి. క్రాంక్ పిన్‌ని మైక్రోమీటర్‌తో రెండు దిక్కుల్లో కొలిపించండి, గుండ్రం తప్పిన పిన్ను మీద కొత్త బుష్షు నిలవదు. తిరిగి కూర్చాక ఫ్లైవీల్స్‌ని ట్రూయింగ్ (ఒకే వరసలో తిన్నగా తిరిగేలా సరిచేయడం) చేయించి, షాఫ్టుల మీద డయల్ గేజ్ 2 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.05 మి.మీ. లోపే తిరగాలని ముందే చెప్పండి. రోలర్ బిగ్ ఎండ్ కిట్లు దొరుకుతాయి, పెట్టుకున్నా తప్పు లేదు. 70, 80 స్పీడులో తిరిగే 350కి మంచి ఫ్లోటింగ్ బుష్షు చాలని నా అభిప్రాయం.

స్మాల్ ఎండ్ (గజన్ పిన్ దూరే రాడ్డు పై చివర) సులువు. శుభ్రమైన గజన్ పిన్‌ని ఆయిల్ రాసి దూర్చితే బొటనవేలి ఒత్తిడికి జారాలి, ఊపితే ఊగకూడదు. పిన్ను అలాగే ఉంచి, కేసు నోటి మీద ఒకే మందం ఉన్న రెండు ఉక్కు పట్టీలు పెట్టి క్రాంక్ తిప్పుతూ పిన్నుని వాటి మీదికి దించండి. రెండు వైపులా ఒకేసారి తాకితే రాడ్డు తిన్నగా ఉంది. ఒక పక్కన ఫీలర్ గేజ్ (సన్నటి కొలత రేకు) దూరితే వంగింది.

ఇక బోరు. ఇంజన్ 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ. అరుగుదల అంతటా ఒకేలా ఉండదు. పిస్టన్ పైకొచ్చి ఆగే చోట టాప్ రింగు వెనక గ్యాస్ ఒత్తిడి ఎక్కువ, అక్కడ ఆయిల్ పొర పల్చన. అందుకే పై అంచుకి కొంచెం కిందే గరిష్ఠంగా అరుగుతుంది. ఆ పైన రింగు తాకని చోట గట్టు మిగులుతుంది, గోటికి తగులుతుంది. బోరు అడుగున రింగులు వెళ్లని భాగం దాదాపు పాత కొలతతోనే ఉంటుంది, అదే మీ ఆధారం.

బోర్ గేజ్ లేకపోయినా ఫీలర్ గేజ్‌తో పని జరుగుతుంది. ఒక రింగుని బోరు అడుగున పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టి రింగు చివరల మధ్య గ్యాప్ కొలవండి. అదే రింగుని గట్టుకి కొంచెం కిందికి తెచ్చి మళ్లీ కొలవండి. తేడాని 3.14తో భాగించండి. కింద 0.35, పైన 0.90 వస్తే తేడా 0.55, బోరు వ్యాసంలో దాదాపు 0.18 మి.మీ. పెరిగింది. ఓవాలిటీ, అంటే బోరు గుండ్రం తప్పడం, మాత్రం దీనికి దొరకదు. దానికి డయల్ బోర్ గేజ్ ఉన్న లేత్ షాపుకి వెళ్లాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇది కష్టమేం కాదు, మీరు పక్కన నిలబడి అంకెలు రాయించుకోవడమే కావాలి. పైన, మధ్యలో, కింద మూడు ఎత్తుల్లో, ఒక్కోచోట ముందు వెనకలకీ, ఎడమ కుడులకీ, మొత్తం ఆరు కొలతలు.

ఉదాహరణకి కింద రెండు దిక్కులా 70.51, పైన ముందు వెనకలకి 70.70, ఎడమ కుడులకి 70.63 అనుకుందాం. 70.51 చూస్తేనే ఒకసారి 0.50 ఓవర్‌సైజ్‌కి (అసలు కొలత కంటే 0.50 మి.మీ. పెద్దగా) బోర్ చేశారని తెలుస్తోంది. పైన అరుగుదల 0.19, ఓవాలిటీ 0.07. బోరింగ్‌కి హద్దైన 8 థౌ, అంటే 0.20 దగ్గరకొచ్చింది కాబట్టి కొత్త రింగులతో సర్దడం వృథా. గుండ్రని రింగు కోడిగుడ్డు ఆకారంలో కూర్చోదు. తర్వాతి సైజు 1.00. అదే అరుగుదల 0.08లో ఉండి, గీతలు లేకపోతే హోనింగ్ (రాళ్లతో బోరు గోడని సన్నగా రుద్దడం), కొత్త రింగులు చాలు. చివరి ఓవర్‌సైజ్ కూడా అయిపోతే లైనర్ (బోరు లోపల కూర్చునే కొత్త గొట్టం) వేయించాలి.

బోరింగ్‌కి ముందు పిస్టన్ కొనండి, బోరుకి పిస్టన్ వెతకడం తలకిందులు పని. స్కర్టు అడుగున గజన్ పిన్‌కి అడ్డంగా కొలవండి. పిస్టన్ తయారీదారు కాగితంలో క్లియరెన్స్ ఇస్తే అదే పాటించండి, లేకపోతే ఈ సైజు కాస్ట్ ఐరన్ బోరుకి 3 నుంచి 4 థౌ. స్కర్టు 70.91 ఉంటే బోరు 71.00 దగ్గర ఆగాలి. రెండూ ఒకే వేడిలో ఉండగా కొలవాలి: 10 డిగ్రీల తేడాకి ఈ పిస్టన్ దాదాపు 15 మైక్రాన్లు సాగుతుంది, ఎండలో పెట్టిన పిస్టన్ అబద్ధం చెబుతుంది. కొత్త రింగుకి గ్యాప్ అంగుళం బోరుకి 4 థౌ లెక్కన 0.28 మి.మీ. అటూ ఇటూ. గ్యాప్ లేకుండా వేస్తే వేడికి చివరలు కలిసి బోరు గీరుకుంటుంది. హోనింగ్ అయ్యాక పెట్రోలుతో తుడిస్తే సరిపోదు, రాతి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో రుద్ది, తెల్ల గుడ్డకి బూడిదరంగు అంటనంతవరకూ కడిగి, వెంటనే ఆయిల్ రాయండి.

హెడ్డులో వాల్వుని 10 మి.మీ. పైకెత్తి పక్కలకి ఊపండి. ఎగ్జాస్ట్ కొద్దిగా ఎక్కువ ఊగడం సహజం, ఇన్‌లెట్ అంతే ఊగితే గైడు మార్చాలి. గైడు మార్చాకే సీటు కోయించండి, వరస తప్పితే సీటు కొత్త గైడుకి సూటిగా ఉండదు.

మెయిన్ బేరింగుల్ని పెట్రోలుతో కడిగి, ఆరాక చేత్తో తిప్పండి. గరగరలాడితే మార్చేయాలి. కంప్రెసర్ గాలితో తిప్పకండి. బేరింగు కంటే పెద్ద తలనొప్పి కేసులో దాని గూడు. బయటి రేసు మీద నున్నగా మెరిసే గుర్తులుంటే అది కేసులో తిరుగుతోంది, కొత్త బేరింగు పెట్టినా నిలవదు, గూడుకి మరమ్మత్తు చేయించాలి. క్యామ్ ముఖాలూ, ట్యాపెట్ పాదాలూ చూడండి, గుంటలుంటే రెండూ కలిపి మార్చాలి.

చివరగా అందరూ మరిచేది టైమింగ్ కవర్ దగ్గర క్రాంక్ చివర కూర్చునే చిన్న ఆయిల్ సీలు. బిగ్ ఎండ్‌కి వెళ్లే ఆయిల్ దాని గుండానే పోతుంది. ఎండి చిట్లితే ఆయిల్ టైమింగ్ చెస్ట్‌లోకి జారిపోతుంది, బుష్షుకి దక్కేది కొంచెమే. పంపు డిస్కులు ఎంత బాగున్నా లాభం లేదు. కవరు తీసిన ప్రతిసారీ కొత్తది వేయండి.

బిగించేటప్పుడు బిగ్ ఎండ్‌లోకి డబ్బాతో ఆయిల్ పోయండి, ఫిల్టర్ గదిని నింపి మూయండి. స్టార్ట్ అయ్యాక రాకర్లకి వెళ్లే బయటి పైపు బాంజో బోల్టు (మధ్యలో ఆయిల్ దారి ఉన్న బోల్టు) కొంచెం వదులు చేయండి. ఒక నిమిషంలో అక్కడ ఆయిల్ కనిపించకపోతే ఇంజన్ ఆపేసి, పంపు, సీలు, బాంజో రంధ్రాలు మళ్లీ చూడండి. కనిపిస్తే బిగించేయండి, ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు, పుష్ రాడ్ గ్యాప్ మరోసారి సరిచూడండి.