విశాఖలో సముద్రం దగ్గర తోటకి ఎప్పుడూ పచ్చగా ఉండే పొదలు, అలంకరణ తుంగ ఏవి పెట్టాలి?

పొదల్లో గన్నేరు, కాగితంపూలు, తుంగ జాతిలో నర్సరీల్లో అంబ్రెల్లా పామ్ పేరుతో అమ్మేది పెట్టుకోండి. సముద్రపు గాలిలోని ఉప్పు పలచటి ఆకుల అంచులను మాడ్చేస్తుంది; గన్నేరు ఆకు తోలులా మందంగా ఉండి తట్టుకుంటుంది. అయితే గన్నేరు మొక్కంతా విషమే, చిన్నపిల్లలుంటే కాగితంపూలే మేలు.

ఉదాహరణకి ఎంవీపీ కాలనీలో మేడ మీద తోటయితే, సముద్రం వైపు ఈ పొదల కుండీలు వరసగా పెట్టి, వాటి చాటున నీళ్లు నిలిచే తొట్టిలో తుంగ ఉంచండి. దాని కాడ కొసన ఆకులు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి, చాలా అందంగా ఉంటుంది.

తుంగ అనగానే పొలంలో కలుపే గుర్తొచ్చి చాలామంది టెన్షన్ పడతారు. ఆ కలుపు నేలలోపల గడ్డలతో పాకుతుంది, పీకినా గడ్డ మిగిలితే మళ్లీ మొలుస్తుంది. దీనికి ఆ గడ్డలుండవు, గుబురుగా పెరుగుతుంది.