పంది ఊపిరితిత్తిని కడిగి మనిషికి పెట్టే రోజు వచ్చిందా?

ప్రశ్న: మా మావయ్యగారు ఇరవై ఏళ్లు గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ చేశారు. సిలికోసిస్ (రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడవడం) అన్నారు, ఇప్పుడు ఆక్సిజన్ మీదే ఉన్నారు. ఊపిరితిత్తి మార్చాలంటున్నారు. పంది ఊపిరితిత్తిలో మనిషి కణాలు నింపి కొత్తది చేస్తున్నారట కదా, దానికోసం ఆగమంటారా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: ఆగొద్దమ్మా. అది ఇంకా ప్రయోగశాల దాటలేదు.

పద్ధతి ఇదీ. పంది ఊపిరితిత్తిని తీసి, గడ్డలు లేకుండా హెపారిన్ కలిపిన సెలైన్‌తో రక్తమంతా కడిగేస్తారు. తర్వాత రక్తనాళాల గుండా ఎస్.డి.ఎస్., ట్రైటన్ లాంటి డిటర్జెంట్లు పంపితే కణాలు కరిగిపోతాయి. మిగిలేది కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే ప్రొటీన్ల చట్రం, దూదిలా తెల్లగా ఉంటుంది. కణాలు పోయాయని చెప్పాలంటే, ఆ చట్రాన్ని ఎండబెట్టి తూచితే మిల్లీగ్రాముకు 50 నానోగ్రాముల లోపే డి.ఎన్.ఎ. ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. ఆపైన శ్వాసనాళం గుండా గాలిగదుల కణాలు, రక్తనాళాల గుండా వాటి లోపొర కణాలు ఎక్కించి, 37 డిగ్రీల వద్ద బయోరియాక్టర్‌లో (శరీరంలోని పరిస్థితులు కల్పించే పాత్రలో) వారాల తరబడి పెంచుతారు.

చెడేది ఎక్కడంటే, కడగడంలోనే సగం చెడుతుంది. డిటర్జెంట్ ఘాటు ఎక్కువైతే ఎలాస్టిన్ పోయి ఊపిరితిత్తి సాగి ముడుచుకునే గుణం పోతుంది. పంపే ఒత్తిడి పెరిగితే గాలిగదులు చిట్లుతాయి. ఎస్.డి.ఎస్. కాస్త మిగిలినా కొత్త కణాలు చస్తాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు రక్తనాళాల పొర. ఎక్కడ కణాలు పరుచుకోలేదో అక్కడ రక్తం నేరుగా కొల్లాజెన్‌ను తాకి గడ్డకడుతుంది, లేదా నీరు గాలిగదుల్లోకి ఊరుతుంది. గాలికీ రక్తానికీ మధ్య ఉండే పొర మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పలచన. పైగా ఇలాంటి గదులు కోట్లలో ఉంటాయి.

2010లో అమెరికాలో ఎలుకలకు పెట్టిన ఇలాంటి ఊపిరితిత్తులు గంటలే పనిచేశాయి. 2018లో టెక్సాస్ బృందం పందులకు పెట్టింది, వాటిలో ఒక పంది రెండు నెలల వరకూ బతికింది. అయితే దానికి రెండో ఊపిరితిత్తి సొంతదే. కొత్తది ఎంత ఆక్సిజన్ ఇస్తుందో ఆ ప్రయోగం తేల్చలేదు.

మావయ్యగారి విషయంలో ఇప్పుడు చేయాల్సింది వేరు. మార్పిడి చేసే ఆసుపత్రికి తీసుకెళ్లి అంచనా వేయించండి. అవయవదానాలు చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు ఆ ఆసుపత్రి ద్వారానే నమోదవుతుంది. మంచం పట్టాక వెళితే ఆపరేషన్‌కు ఒళ్లు తట్టుకోకపోవచ్చు. సిలికా దుమ్ము పీల్చినవారికి టి.బి. ముప్పు ఎక్కువ, కఫం పరీక్ష తప్పనిసరి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించండి.

ప్రశ్న: చైనాలో మనిషికి పంది ఊపిరితిత్తి పెట్టారు కదా? అది ఇదేనా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: కాదండీ. అది కడిగిన చట్రం కాదు, ఆరు జన్యువులు సవరించిన పంది నుంచి తీసిన సజీవ ఊపిరితిత్తి. గ్వాంగ్‌జౌలో బ్రెయిన్ డెడ్ అయిన వ్యక్తికి ఎడమవైపు అమర్చి 9 రోజులు గమనించారు. 24 గంటలకే వాపు కనిపించింది, తర్వాత శరీరం తిరస్కరించడం మొదలుపెట్టింది. రోగికి నయం చేయడానికి చేసింది కాదది.