పాత డెస్క్‌టాప్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డు?

ప్రశ్న: నాది ఆఫీసులో వాడి తీసేసిన డెస్క్‌టాప్. ఐ5-8500 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 300 వాట్ల పవర్ సప్లై. మానిటర్ 1080పి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, ఆర్‌ఎక్స్ 6600లలో ఏది తీసుకోమంటారు? గేమ్స్ ఆడుతూ వీడియో రికార్డ్ చేసుకోవాలి కూడా.

జవాబు: ముందు కేబినెట్ మూత తీసి, పవర్ సప్లై నుంచి 6 లేదా 8 పిన్‌ల గ్రాఫిక్స్ వైరు వస్తోందేమో చూడండి. ఆఫీసు మెషీన్లలో సాధారణంగా ఉండదు. అప్పుడు స్లాటు (కార్డు గుచ్చే మదర్‌బోర్డు గాడి) ఇచ్చే 75 వాట్లే గతి. 3050 6 జీబీ 70 వాట్లతో నడిచిపోతుంది కాబట్టి మీకు అదే. అయితే కొన్ని మోడళ్లకు కంపెనీలు 6 పిన్‌ల సాకెట్ పెడతాయి, ఫొటోలో చూసుకుని కొనండి. కేబినెట్ సన్నటిదైతే లో ప్రొఫైల్ (తక్కువ ఎత్తుండే) మోడలే పడుతుంది.

3050 8 జీబీ వేరే కార్డు. మెమరీ ఒక్కటే కాదు, లెక్కలు చేసే కోర్లూ (8 జీబీలో 2560, 6 జీబీలో 2304), మెమరీకి దారి అయిన బస్ వెడల్పూ (8 జీబీలో 128 బిట్లు, 6 జీబీలో 96) మారతాయి. దానికి 130 వాట్లు కావాలి.

6500 ఎక్స్‌టీ మాట మర్చిపోండి. అది మదర్‌బోర్డుతో మాట్లాడటానికి వాడేది 4 లేన్లే (డేటా వెళ్లే దారులు). మీ బోర్డులో పీసీఐఈ (ఆ స్లాటు ప్రమాణం) 3.0 కాబట్టి సెకనుకు సుమారు 4 జీబీయే వెళ్తుంది, 4.0 బోర్డులో వెళ్లేదాంట్లో సగం. దాని 4 జీబీ మెమరీ నిండగానే టెక్స్చర్లు (ఆటలో వస్తువుల మీద పరిచే బొమ్మలు) ఆ ఇరుకు దారిలో ర్యామ్ నుంచి రావాలి. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) బాగానే కనబడినా, ఆట మాత్రం మధ్యమధ్య ఆగి ఆగి సాగుతుంది. పైగా అందులో వీడియో ఎన్‌కోడర్ (రికార్డ్ చేసే వీడియోను కుదించే భాగం) లేదు. రికార్డింగ్ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

మూడింటిలో వేగం 6600దే, అనుమానం లేదు. 132 వాట్లు, 8 పిన్‌ల వైరు, మంచి 450 వాట్ల సప్లై కావాలి. మీ మదర్‌బోర్డు ప్రధాన కనెక్టర్‌కి మామూలు 24 పిన్‌లుంటే, కేబినెట్లో ఏటీఎక్స్ (మామూలు సైజు) సప్లై పట్టేటట్లయితే, ఆ ఖర్చు పెట్టుకోవచ్చు. కంపెనీ సొంత తరహా కనెక్టరైతే వద్దు. సాటా వైరును (డిస్కులకు కరెంటిచ్చేది) 8 పిన్‌లుగా మార్చే అడాప్టర్ జోలికి అసలు పోకండి. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లు, 8 పిన్‌ల సాకెట్ నుంచి కార్డు 150 దాకా లాగొచ్చు. ప్లాస్టిక్ కరిగేది అందుకే.

ఏ కార్డు కొన్నా ఇంకో 8 జీబీ స్టిక్ వేయండి. ఒక్క స్టిక్‌తో ప్రాసెసర్‌కి మెమరీ వేగం సగమే అందుతుంది.

ప్రశ్న: కొత్త కార్డు బిగించాక స్క్రీన్ మీద ఏమీ రావడం లేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

జవాబు: మానిటర్ కేబుల్ ఇంకా మదర్‌బోర్డుకే ఉందేమో చూడండి, కార్డుకి మార్చాలి. అప్పటికీ రాకపోతే పవర్ వైరు చివరిదాకా దిగిందో లేదో చూడండి.