వానలో పిల్లలతో, పెద్దవాళ్లతో కేప్ ఫ్లాటరీ ట్రెయిల్‌కి వెళ్లొచ్చా?

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో అత్తగారినీ మామగారినీ, ఐదేళ్ల పాపనీ, తొమ్మిదేళ్ల బాబునీ తీసుకుని సియాటిల్ నుంచి, వాషింగ్టన్ రాష్ట్రం వాయవ్య కొసన సముద్రం అంచున ఉన్న కేప్ ఫ్లాటరీకి వెళ్దామనుకుంటే రోజూ వానే చూపిస్తోంది, మానేయాలా అని అడిగారు. వాన ఒక్కటే అయితే మానకండి. గాలి హెచ్చరిక ఉంటే మాత్రం మరో ఆలోచన లేకుండా మానేయండి. ఆ అడవిలో తడవడం వల్ల వచ్చే ప్రమాదం కన్నా కొమ్మలు విరిగిపడే ప్రమాదమే పెద్దది.

మేమూ నవంబర్‌లోనే, నెల్లూరు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో వెళ్లాం. పొద్దున్నుంచీ ముసురే. నవంబర్ అంటేనే వాయుగుండాల నెల అనుకుంటూ పెరిగిన మా నాన్న కారు దిగి ఆకాశం చూసి, "ఇదీ ఒక వానేనా రా!" అన్నారు. నిజమే, అక్కడ పడేది సన్నటి జల్లే. కానీ మన దగ్గర తడిస్తే అరగంటలో ఒళ్లు ఆరిపోతుంది. ఇక్కడ ఏడెనిమిది డిగ్రీల చలిలో ఒకసారి తడిసిన బట్ట ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటుంది. అందుకే నూలు బట్టలు, జీన్స్ వద్దే వద్దు. మా అమ్మ చీర తప్ప ఇంకోటి కట్టదు. "ఈ ఒక్క పూటకే అత్తయ్యా" అని మా ఆవిడ బతిమాలి పాలియెస్టర్ ట్రాక్ ప్యాంటు, ఫ్లీస్, పైన టోపీ ఉన్న రెయిన్ జాకెట్ వేయించింది. పిల్లలకి రెయిన్ ప్యాంట్లు కూడా కొనండి, ఎలాగూ తడి చెక్కల మీద కూర్చుంటారు. దారి సన్నగా ఉంటుంది కాబట్టి గొడుగు అడ్డం, పైగా ఒక చెయ్యి దానికే పోతుంది.

నడక ఒకవైపు ముప్పావు మైలే. వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. ఈ మాట మీ అత్తగారికి ముందే చెప్పండి, మోకాళ్ల నొప్పులుంటే చేతికర్ర ఇవ్వండి. చాలా దూరం సీడార్ చెక్కలు పరిచిన దారి మీద నడుస్తాం. తడిస్తే అవి పాచి పట్టిన బావిగట్టులా జారతాయి. పాదం మొత్తం ఆనించి, చిన్న చిన్న అడుగులు వేయాలి. మధ్యలో చెట్ల వేళ్లు, బురద కూడా ఉంటాయి.

ఇంత చెప్పి కూడా వెళ్లమనడానికి కారణం ఆ అడవే. సిట్కా స్ప్రూస్, హెమ్‌లాక్, సీడార్ చెట్ల కింద వాన నేరుగా మీద పడదు. కొమ్మ నుంచి కొమ్మకి జారి, నాచు పీల్చుకోగా మిగిలింది మన దాకా వస్తుంది. ఎండ రోజుల్లో మామూలుగా కనిపించే నాచు ఆ తడికి ఎంత పచ్చగా మారుతుందో చూస్తే గానీ తెలియదు. దారి పక్కన అరచేయంత పసుప్పచ్చ బనానా స్లగ్ (గుల్ల లేని నత్త) కనిపిస్తే మా పిల్లలు అక్కడే ఆగిపోయారు. వాళ్లని తొందరపెట్టకండి.

చివర్లో సముద్రం వైపు చెక్క మంచెలు కట్టారు. కింద కొండని అలలు తొలిచి గుహలు చేశాయి. వాటిలోకి నీళ్లు దూరినప్పుడు వచ్చే హోరు కడుపులోకి తగులుతుంది. మంచెలకి కంచె ఉంది గానీ వాటి మధ్య కొన్నిచోట్ల అంచు ఏ అడ్డూ లేకుండా ఉంటుంది. అక్కడ ఒక్కో పిల్ల చెయ్యి ఒక్కో పెద్దవాళ్లు పట్టుకోవడం తప్పనిసరి. ఎదురుగా 1857 నాటి లైట్‌హౌస్ ఉన్న టటూష్ దీవి మబ్బులో కనిపించకపోవచ్చు. 1778లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఈ కొనకి పేరు పెట్టి కూడా, వాతావరణం బాగాలేక పక్కనే ఉన్న అంత పెద్ద జలసంధిని చూడకుండా వెళ్లిపోయాడు. ఆ మంచు తెర ముందు నిలబడి మా అబ్బాయికి ఈ సంగతి చెబితే చాలాసేపు అటే చూశాడు.

ఇది ఇక్కడి ఆదివాసులైన మకా తెగ వాళ్ల భూమి. నేషనల్ పార్క్ పాస్ చెల్లదు. దగ్గర్లోని నియా బే ఊళ్లో దుకాణంలో వాళ్ల పాస్ కొని కారులో కనిపించేలా పెట్టాలి. తిరిగొచ్చాక అందరికీ కారులో పొడి బట్టలు, సాక్సులతో సహా, సిద్ధంగా ఉంచండి. పులిహోర, ఫ్లాస్కులో టీ ఉంటే ఇంకేం అక్కర్లేదు. ఆ తర్వాత మకా మ్యూజియం వదలకండి. బురద కింద పూడిపోయిన ఓజెట్ గ్రామాన్ని 1970 నుంచి తవ్వితే 55 వేలకు పైగా వస్తువులు దొరికాయి. తడి బురద గాలి తగలనీయకపోవడం వల్ల చెక్క, అల్లికలు కూడా చెడలేదు. ఈ వానలో వీళ్లు సీడార్ బెరడుతో టోపీలు, బట్టలు అల్లుకుని బతికారని తెలిశాక మా అమ్మ ఆ అల్లికల దగ్గర నుంచి కదల్లేదు.

సియాటిల్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావాలనుకోకండి, ముందురోజు రాత్రి పోర్ట్ ఏంజిలస్‌లో ఉండండి. అక్కడి నుంచి దాదాపు రెండు గంటలు. 112వ నంబర్ రోడ్డు మలుపులకి పాపకి వాంతులు రావచ్చు, ఎండు ఉసిరి ముక్కలు దగ్గర పెట్టుకోండి. వానలకి ఆ రోడ్డు మీద కొండచరియలు పడి మూసేస్తుంటారు కూడా, బయల్దేరే ముందు చూసుకోండి. నవంబర్ చివర్లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, మధ్యాహ్నం రెండు దాటితే నడక మొదలుపెట్టొద్దు. సెలవుల వారం కాబట్టి మ్యూజియం ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.