తొమ్మిదేళ్ల బాబును రీసెర్చ్‌లో చేర్చమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

మీ బాబుకు ఆస్తమా, తిరుపతిలో చూపిస్తున్న చోట ఏదో స్టడీలో చేరమన్నారు, మీతోపాటు మీ అత్తగారితోనూ మాట్లాడతామన్నారు, ఆమేమో "బిడ్డ మీద ప్రయోగాలా" అని వద్దంటోంది. ఇదే కదా మీ ప్రశ్న. మాకు ఇలాంటిది రెండుసార్లు ఎదురైంది. ఒకటి చేదు, ఒకటి పరవాలేదు.

మా పాపకు 6 ఏళ్లప్పుడు షుగర్ బయటపడింది, టైప్ 1, అంటే రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాల్సిన రకం. పాకాల నుంచి తీసుకెళ్లి ఒక పెద్దాస్పత్రిలో చేర్చాం, పేరు వద్దులెండి. మూడో రోజు ఎవరో వచ్చి కాగితాలు ముందు పెట్టి "ఇక్కడ, ఇక్కడ సంతకం" అన్నారు. ట్రీట్‌మెంట్‌కేమో అనుకుని మా ఆయన పెట్టేశాడు. మర్నాడు రక్తం రెండు ట్యూబులు ఎక్కువ తీస్తుంటే అడిగాను, అప్పుడు తెలిసింది అది స్టడీకని. రెండు ట్యూబులతో ఏమీ కాదు, నాకూ తెలుసు. కానీ అప్పటికే పొద్దుటి నుంచి ఆరుసార్లు వేలు గుచ్చించుకున్న పిల్ల అది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే మీ అత్తగారి భయాన్ని తీసిపారేయకండి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు ఒక స్టడీ కింద హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు, చాలామంది హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. అక్కడ చనిపోయిన పిల్లల మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రులను అడగకపోవడం మాత్రం తప్పే.

ఇప్పుడు రూలు ఏమిటంటే, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం అమ్మానాన్నల సంతకం ఒక్కటే చాలదు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లల దగ్గర నోటిమాటగా, 12 దాటితే రాతపూర్వకంగా వాళ్ల ఒప్పుదల కూడా తీసుకోవాలి. మీ వాడికి 9 కాబట్టి వాడిని అడగాల్సిందే.

రెండోసారి, పాపకు 10 ఏళ్లప్పుడు, వేరే చోట. షుగర్ ఉన్న పిల్లలు, వాళ్లను చూసుకునేవాళ్లు రోజులు ఎలా నెట్టుకొస్తున్నారో తెలుసుకునే స్టడీ. మందు లేదు, సూది లేదు, ప్రశ్నలే. ఈసారి పాపను కూర్చోబెట్టి వివరంగా చెప్పి, "నీకిష్టమేనా?" అని అడిగారు. అది నా మొహం చూసింది. "అమ్మను కాదు, నిన్నే" అన్నారు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

ఫారంలో ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా బొమ్మలుంటే, మా పాప అన్నిటికీ నవ్వు మొహమే టిక్ పెట్టింది. ఎందుకే అంటే, బడిలో మిస్సు కరెక్ట్ ఆన్సర్‌కు ఆ బొమ్మే వేస్తుందట! పరీక్షనుకుని ఫుల్ మార్కులు తెచ్చుకుంది. "ఇందులో తప్పులు ఉండవు" అని ముందే చెప్పాలని వాళ్లకు తోచిందే అప్పుడు. ఇంకోటి, తిండి గురించి "ఎన్ని కప్పులు" అని ఉంది. మా ఇంట్లో కప్పులెక్కడివి, రాత్రి సంగటి, లెక్క ముద్దల్లోనే. పాపే చెప్పింది, "మా అవ్వ ముద్దలు లెక్కపెడుతుంది, అట్లా అడగండి" అని. తర్వాతి విడతకు ఫారంలో ముద్ద అని అచ్చయి వచ్చింది. వారం రోజులు ఇంట్లో దాని గొప్పలు భరించలేకపోయాం.

నన్ను కాసేపు బయట ఉండమన్నారు. పాప బడిలో సూది బాత్రూంలో దాక్కుని వేసుకుంటోందని అప్పుడే బయటపడింది. నేనడిగితే నాలుగేళ్లూ "ఏం ఇబ్బంది లేదు" అనే చెప్పింది మరి.

మా అత్త సంగతి ఇంకోటి. నేను ఏడున్నరకే డ్యూటీకి పోతాను, పిల్లను చూసుకునేది ఆమే. షుగర్ ఎప్పుడు పడిపోతుందని అడిగితే నేను నోటుబుక్కు తిప్పుతున్నా. ఆమె టక్కున "కబడ్డీ ఆడిన రోజు రాత్రి" అంది. నిజమే, ఆట ఆడిన గంటల తర్వాత కూడా పడిపోవచ్చని డాక్టరు చెప్పారు. తర్వాత ఆమెను వేరే గదిలో అడిగితే, నాలుగేళ్లుగా పుంగనూరులో కూతురింట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదని చెప్పిందట. ఒకే ఇంట్లో ఉంటూ నేను గమనించలేదు. కాబట్టి మీ అత్తగారితో మాట్లాడతామన్నారంటే మంచిదే. ఆమెను మీ పక్కన కూర్చోబెట్టకండి, మీ ముందు మీ గురించి ఏం చెబుతుంది పాపం.

సంతకానికి ముందు కాగితం ఇంటికి తెచ్చుకోండి, ఇంటికి ఇచ్చేది లేదంటే అక్కడితో ఆపేయండి. ఎథిక్స్ కమిటీ (స్టడీలో చేరేవాళ్లకు అన్యాయం జరక్కుండా చూసే కమిటీ) అనుమతి, ఫోన్ నంబరు దాని మీద ఉండాలి. ఉత్త ప్రశ్నలా, గొట్టంలో ఊదించి చూడటమా, లేక కొత్త మందా, అది విడమరిచి అడగండి. మందయితే లెక్క వేరు: మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో అది ఉండాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద వచ్చిన 2019 రూల్స్ ప్రకారం వైద్యం ఉచితంగా చేయించి పరిహారం ఇవ్వాలి. బస్సు చార్జీలు, పోయిన రోజు కూలి ఇస్తారా అని అడగడానికి మొహమాటపడకండి.

మూడో విడతకు మా పాప రానంది, కారణం చెప్పలేదు. మేం వెళ్లలేదు. తర్వాత చెకప్‌లో డాక్టరు ఎప్పటిలాగే చూశారు, ఆ ఊసే ఎత్తలేదు.

అన్నట్టు, మీరు రాసినదాంట్లో డాక్టరు మాట ఉంది, మీ అత్తగారి మాట ఉంది, మీ టెన్షన్ ఉంది. బాబు ఏమన్నాడో మాత్రం లేదు. వాడిని అడిగారా?